పండుగనాటి పని, పండుగ మఱునాటి పస్తు

(ఒక పఠనమందిరమున మా పత్రిక పక్షమున జేసిన యుపన్యాసపు పాఠము)



పట్టణమున పార్సిళ్లు మోయు పనివాండ్రకు పండుగ వెళ్లిన వెంటనే పని పోవుచుండుటను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని ఈ పఠనమందిర నిర్వాహకులు మమ్ము గోరిరి. విషయము చిన్నదిగా దోచును. దసరాకు, దీపావళికి సరకు మెండుగా అమ్ముడగును; మోయువారు మెండుగా గావలసివత్తురు; పండుగ వెళ్లినది, మోయువారితో పని లేదు; ఇందు వింత యేమున్నదని కొందఱు మిత్రులు మాతోనే యనిరి. వింత లేదు. ఏటేట జరుగునది వింత గానేరదు. కాని యేటేట జరుగునదియు, ముందుగనే తెలిసినదియు నగు కష్టమునకు ఎవ్వరును ముందుగ నేర్పాటు చేయకుండుట మాత్రము విచారింపదగిన సంగతి. వఱద వచ్చునని తెలిసియు ఏటికి కట్ట వేసికొనని గ్రామమును మనము నిందింతుము గదా!

మనము కూడియున్న తావు బంజారా కొండల దిగువ. ఈ కొండలకు పేరిచ్చినవా రెవరు? నేడిచ్చటి మేడలను జూచువారికి ఆ ప్రశ్నయే తోపదు. బంజారాలు, అనగా మన లంబాడీలు, దక్కనునందంతటను ఎద్దులమీద సరకు మోసినవారు. కోస్తానుండి ఉప్పు లోపలి సీమకును, లోపలి సీమనుండి ధాన్యము కోస్తాకును వారి పెరికెద్దులమీదనే నడచెను. 1791, 1792 సంవత్సరములలో కారన్‌వాలీసు శ్రీరంగపట్టణముపైకి నడచినపుడును, 1803లో ఆర్థరు వెల్లెస్లీ మహారాష్ట్రులపై నడచినపుడును సేనకు తిండి పెక్కుమేరకు వీరి తాండాలవలననే చేరినది. వారికిని సంవత్సరమున పని లేని మాసము లుండెను. వానకాలమున బాటలు బురదయై ఎద్దు కదలదు. అప్పుడు తాండా యొకచోట నిలిచి పసులను మేపుకొనెడిది. పని లేదని తాండా విచ్చిపోలేదు. ఎద్దు వారిది, పచ్చికబీడు అందఱిది, మంచికిని చెడ్డకును అడుగుటకు నాయకు డొక డుండెను.

1874లో వాడి నుండి సికిందరాబాదునకు రైలు వచ్చినది. ఇతర సీమలలోను ఆ కాలముననే పట్టాలు పఱచిరి. మోత పని క్రమముగా రైలు పాలయ్యెను. పని పోయినవారికి మాఱుపని చూపు బాధ్యతను ఎవ్వరును వహింపలేదు. అది చాలక, 1871 నాటి నేరజాతుల శాసనము క్రింద వారిలో పెక్కుమందికి పుట్టుకతోనే దొంగలను ముద్ర వేసిరి. స్వరాజ్యము వచ్చిన పిమ్మట 1952లో గాని ఆ ముద్ర తొలగలేదు. మోతవానికి పని ముగిసినపుడు అతనిని గూర్చి ఆలోచింపని సంఘము ఎంత దూరము పోగలదో తెలిసికొనుటకు మనము విదేశ చరిత్రలను వెదుకనక్కరలేదు; మన కొండపేరే చాలును.

ఇక నేటి మోతవారిని జూతము. పంజాగుట్ట కూడలి యొద్ద ఒక గడియ నిలువుడు. వీపున పెద్ద సంచి, ముందు బండిమీద నింకొక సంచి, చేత ఫోను. ఇట్టివారు నూఱులకొలది కొండ యెక్కుచు దిగుచుందురు. వీరిలో అమీరుపేట వసతిగృహములలో నొక గదిలో నలుగురైదుగురు చేరి యుండు యువకులు గలరు. కంప్యూటరు విద్య నేర్చుటకు మైత్రీవనము ప్రక్కల శిక్షణాలయములకు వచ్చి, ఉద్యోగము దొరకునంతవఱకు తిండి ఖర్చునకై యీ పనిలో దిగినవారు కొందఱు. మహబూబునగరు, నల్లగొండ పల్లెలనుండి పొలము పని తీఱిక వేళ వచ్చినవారు కొందఱు. పాతబస్తీనుండి వచ్చు పిల్లలు కొందఱు. అందఱికిని పండుగ మాసము వరమే. ఆ దినములలో పార్సిళ్లు కుప్పలు పడును, ప్రోత్సాహపు సొమ్ము కలియును, రాత్రి పదింటివఱకు మోసినను ఇంకను మిగులును.

2025వ సంవత్సరపు పండుగలకు అమెజాను సంస్థ దేశమంతటను 1,50,000 మందికి మించి తాత్కాలికపు పని కల్పించితిమని ప్రకటించెను. ఫ్లిప్‌కార్టు సంస్థ 2,20,000 కొలువు లనెను. గిడ్డంగులలో సరకు వేఱుచేయువారు, కట్టువారు, మోయువారు అందఱును ఇందు లెక్క. పత్రికలు ఈ అంకెలను పెద్ద యక్షరములలో అచ్చువేసినవి. వేయవలసినదే, అన్ని కుటుంబములలో దీపము వెలుగుట శుభవార్తయే. కాని కార్తిక మాసము వెళ్లునప్పటికి ఆ లక్షలలో ఎందఱు మిగిలిరి? ఆ లెక్కను అంత పెద్ద యక్షరములలో ప్రకటించు ఆచార మేల లేదు? చేర్చుకొన్నవారిని లెక్కించు గుమాస్తా పంపివేసినవారిని లెక్కింపలేడా?

పంపివేయుట యని యంటిమి. నిజమునకు ఎవ్వరును పంపివేయరు. ఈ పద్ధతిలోని సూక్ష్మ మిదియే. శ్రోతలు దీనిని బాగుగా గమనింపవలెనని మా కోరిక. పూర్వము మిల్లులో కూలిని తీసివేసిన ద్వారముకడ కాగితమైన అంటించెడివారు. మేస్త్రీ పేరు పిలువకుండినచో కూలికి ఆ యుదయమే తెలిసెడిది. ఇప్పుడు కాగితము లేదు, మేస్త్రీ లేడు. పనివాని ఐడీ అట్లే యుండును. ఫోను తెఱచిన యాప్ తెఱచుకొనును. పని వేళలకు స్లాట్లందురు. అవి మాత్రము కనబడవు. ఒక దినము నాలుగు గంటలు దొరకును, మఱునాడు రెండు, ఆ పైవారము ఏమియు లేదు. కంట్రాక్టరు నడిగిన, పై నుండి సరకు రాలేదనును. సంస్థ నడుగుటకు మనిషియే దొరకడు. పైగా వీరిని పనివాండ్రని యనరు, భాగస్వాములందురు! భాగస్వామ్య మనగా లాభమునందును పాలుండవలెను. పండుగ యమ్మకపు లాభములో పాలు లేక, పండుగ వెనుకటి నష్టములో మాత్రము పూర్తి పాలు గల భాగస్వామిని మేము ఏ వ్యాపార శాస్త్రమునందును జూడలేదు.

శాసన మేమి చెప్పుచున్నది? మన కార్మిక శాసనములలో మూడు మాసముల గుమ్మ మొకటి గలదు. ఆ గుమ్మము దాటనివాడు శాసనమునకు కనబడడు. 1947 నాటి పారిశ్రామిక వివాదముల శాసనమున 1953లో లే-ఆఫు పరిహారమును చేర్చిరి: పని చూపలేకపోయిన దినములకు సగము వేతన మీయవలెనని. మంచి నియమము. కాని యేబదిమందికి తక్కువైన చోట్లకును, ఋతువును బట్టి నడచు సంస్థలకును అది వర్తింపదని అందే వ్రాసిరి. 1959లో ఖాళీలను ఉద్యోగ వినిమయ కేంద్రములకు తెలుపవలెనని శాసనము చేసిరి. మూడు నెలలకు తక్కువైన కొలువునకు అక్కరలేదనిరి. ఎవనికి పని మాటిమాటికి పోవుచుండునో, ఎవనికి క్రొత్త పని చూపు కేంద్రము మిక్కిలి యవసరమో, వానికే ఆ తలుపు మూసిరి.

2020 నాటి సామాజిక భద్రతా స్మృతి గిగ్ కార్మికుడు, ప్లాట్‌ఫారం కార్మికుడు అను మాటలకు తొలిసారిగా శాసనమున స్థాన మిచ్చినది. అది 2025 నవంబరు 21న అమలునకు వచ్చినది. సంస్థలు తమ వార్షికపు రాబడిలో నూటికి 1 మొదలు 2 వంతులు, పనివాండ్ర కిచ్చు సొమ్ములో నూటికి 5 వంతులకు మించకుండ, నిధికి చెల్లింపవలెనని అందు గలదు. సంతోషింపదగినదే. ఆ నిధినుండి ఏమేమి చేయవచ్చును? ప్రాణభీమా, ప్రమాదభీమా, వైద్యము, ప్రసూతి సాయము, వార్ధక్య రక్షణ, శిశుగృహము; ఇవి పేరుపేరున వ్రాయబడినవి. పని లేని కాలపు భృతి యను మాట మాత్రము లేదు. "ప్రభుత్వము నిర్ణయించు ఇతర సాయము" అను తోక యొకటి మాత్ర మున్నది. మన యాశ ఆ తోకను బట్టుకొని యున్నది.

ఇంతలో 2025 డిసెంబరు 30న ప్రకటించిన ముసాయిదా నియమములలో మరల ఆ మూడు మాసముల గుమ్మమే వచ్చి నిలిచినది. గడచిన ఆర్థిక సంవత్సరమున ఒక సంస్థకు 90 దినములైనను, పలు సంస్థలకైనచో మొత్తము 120 దినములైనను పనిచేసినవానికే సాయమునకు అర్హత యని అందు వ్రాసిరి. ఒకే దినమున రెండు సంస్థలకు పనిచేసిన రెండు దినములుగా లెక్కింపవచ్చునట. లెక్క వేసి చూడుడు. పండుగ పని నలువది దినము లనుకొందము. ఒక్క సంస్థకు మోసినవానికి 40. ఏబది దినములు తక్కువ. ప్రొద్దున నొకరికి, సాయంకాల మొకరికి మోసి యొడలు హూనము చేసికొన్నవానికి 80. అప్పటికిని నలువది తక్కువ. అతని మోతనుండి వచ్చిన రాబడి సంస్థ లెక్కలో చేరును, ఆ రాబడిలోని వంతు నిధిలో చేరును, నిధినుండి వచ్చు సాయము మాత్రము అతనికి చేరదు. ఇట్టి నియమమును ఏ పేరున బిలువవలెనో మాకు తోచకున్నది. సంవత్సరమంతయు పనిచేయువానికి అధిక రక్షణ యుండుట న్యాయమే. కాని చెల్లింపు దినమునుబట్టి యైనపుడు ఫలమును దినమునుబట్టియే యుండవలెను. ఒక యేట నలువది, మఱుయేట నలువది, మూడవయేట నలువది మోసినవాని దినములను కూడి లెక్కించు పద్ధతి యైన నుండవలెను.

మన తెలంగాణ ప్రభుత్వము 2025 ఏప్రిలులో ఒక ముసాయిదా బిల్లును ప్రజల ముందుంచి, ఆ నవంబరులో మంత్రిమండలి యామోదము నిచ్చినది. రాజస్థానము 2023లోనే యిట్టి శాసనము చేసి తొలిదయ్యెను. కర్ణాటకము 2025లో చేసి, తొలగింపునకు ముందు పదునాలుగు దినముల నోటీసును, కారణమును వ్రాతమూలముగ తెలుపవలెనని విధించినది. మంచిదే. కాని మేము పైన జెప్పినది జ్ఞప్తియందుంచుకొనుడు: పండుగ వెనుక జరుగునది తొలగింపు కాదు, స్లాట్లు కనబడకపోవుట. నోటీసు నియమము అతనిని తాకదు. "ఇంతకాలము వరుసగా పని చూపనిచో తొలగింపుగా నెంచవలెను" అను వాక్యము నియమములలో నున్నగాని ఆ హక్కు కాగితముమీది హక్కే.

ఋతువును బట్టి పని పోవుట క్రొత్త వ్యాధి కాదు. మందును మన దేశముననే యున్నది. మన బోధనులోని నిజాం చక్కెర కర్మాగారము 1937లో నెలకొల్పబడినది, 2015లో మూతపడినది. చెఱకు ఆడు కాలమున వేలమంది, ఆడని కాలమున కొలదిమంది. చక్కెర మిల్లన్న నిట్లే యుండును. అందుచేత మన దేశపు చక్కెర మిల్లులలో నొక యాచార మేర్పడినది: గతయేడు పనిచేసిన సీజను కూలిని మఱుసటి సీజనుకు ముందుగా పిలువవలెను, పని లేని మాసములకు నిలుపుదల భృతి కొంత యీయవలెను. మిల్లువాండ్రు ధర్మాత్ములై యిచ్చిరని యనుకొనకుడు. కూలీలు పోరాడిరి, వేతన మండలులు వ్రాసినవి, మిల్లులును నేర్పరి కూలి పోకుండ నుండుట లాభమని తెలిసికొన్నవి. రేవుల కథయు నిట్టిదే. ఓడ వచ్చిన పని, రాకున్న పస్తు. బ్రిటనులో 1947లోను, మన దేశమున 1948 నాటి రేవు కార్మికుల శాసనము మూలమునను, కూలీల పట్టిక వ్రాసి, ఓడ రాని దినమున హాజరైన వానికి హాజరు భత్య మేర్పఱచిరి. మన విశాఖపట్టణపు రేవునందును అట్టి బోర్డు పనిచేసినది. మహారాష్ట్రమున 1969లో మాథాడీ హమాలీలకు యజమానులనుండి పన్ను వసూలు చేసి బోర్డు నడపిరి. చెఱకునకును ఓడకును చేయగలిగినది పార్సిలుకు చేయలేమా? ఓడ ఎప్పుడు వచ్చునో చెప్పుట కష్టము. దీపావళి ఎప్పుడు వచ్చునో పంచాంగము చూచిన పిల్లవాడు చెప్పును!

ప్రభుత్వమును, సంస్థలను గూర్చి యింత చెప్పితిమి. అది వచ్చువఱకు పనివాడేమి చేయవలెను? బోధలు చేయుట సులభమని మేమెఱుగుదుము; ఐనను తెలిసిన నాలుగు సంగతులు దాచుట ధర్మము కాదు.

మొదటిది అప్పు. పండుగ మాసపు రాబడిని జూచి క్రొత్త బండిని వాయిదాలమీద కొనుట యీ పనివారిలో నెక్కువగా జరుగు ననర్థము. వాయిదా పండ్రెండు మాసములకు, రాబడి రెండు మాసములకు. లెక్కకొఱకు దినమునకు పెట్రోలు పోను 800 రూపాయలు మిగులుననుకొందము. నలువది దినములకు 32,000. అది పండుగ సొమ్మని తలచిన నెలలో కరగును. అదే పండుగ వెనుకటి మూడు మాసముల గది అద్దె, తిండి యని తలచి, మొదటి వారముననే వేఱుగా నుంచిన, కడపటి వారమున దైన్యము తగ్గును. గదిలోని నలుగురు కలిసి చిన్న చిట్టీ వేసికొని, పండుగ దినములలో కట్టి, పుష్యమాసమున పాడుకొనుట మేలు. పల్లెలో స్త్రీలు సంఘములుగా గూడి చేయుచున్నదే యిది. పట్టణపు మగవారికి మాత్రము సిగ్గు!

రెండవది దినముల లెక్క. నియమము 90 అనినను 120 అనినను, లెక్క చూపవలసినవాడు పనివాడే యగునట్లున్నది. ఐడీ మూసిన మఱుక్షణమే ఫోనులోని పాత లెక్క యంతయు మాయమగును. కావున ఏ దినమున ఏ సంస్థకు ఎన్ని గంటలు, ఎంత సొమ్ము అని యొక చిన్న పుస్తకమున వ్రాసికొనవలెను. వారమున కొకసారి ఫోను తెరను చిత్రము తీసి దాచుకొనవలెను. ఈ-శ్రమ్ పట్టికలో పేరు నమోదు చేసికొనుట కూడ నవసరము. 2025 ఫిబ్రవరి నాటి కేంద్ర బడ్జెట్టులో గిగ్ కార్మికులకు ఆ పట్టిక మూలముగనే గుర్తింపు కార్డును, ఆయుష్మాన్ వైద్యసాయమును చెప్పబడినవి.

మూడవది పట్టణపు పంచాంగము. హైదరాబాదున నొకరి సీజను ముగిసిన దినముననే ఇంకొకరి సీజను మొదలగును. పార్సిళ్ల సందడి తగ్గిన కార్తికమున పల్లెలలో వరికోతలు, ధాన్యపు కాంటాలు. జనవరి 1న నాంపల్లిలో నుమాయిష్ తెఱచుకొనును. 1938లో ప్రారంభమైన యీ ప్రదర్శన నెలన్నరపాటు వేలాది దుకాణములకు మనుష్యులను గోరును. రంజాను మాసమున హలీము భట్టీల యొద్ద రాత్రియంతయు పని. మాఘ ఫాల్గునములలో పెండ్లిండ్ల వంటశాలలు. ఆషాఢమున ముహూర్తములు లేకున్నను అమీరుపేట బట్టల దుకాణములలో తగ్గింపు ధరల సంత. పని యున్నది, పనివాడున్నాడు, ఇద్దఱిని గలుపువారు లేరు. దళారి కలుపును గాని కూలిలో కోత కోయును. తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫారం వర్కర్స్ యూనియన్ వంటి సంఘములు సమ్మెలు చేయుచున్నవి. 2025 డిసెంబరు 25, 31 తేదీలలో దేశవ్యాప్తముగ జరిగిన సమ్మెలో మన నగరపు మాట గట్టిగా వినబడినది. సమ్మెతోపాటు ఈ పనుల పట్టికను నడపు భారమును గూడ సంఘములు వహించిన, పనివారు చందా యిచ్చుటకు వెనుదీయరని మా నమ్మకము. నమ్మకమే గాని వాగ్దానము కాదు. చందాల సంగతి పత్రికలవారికి తెలిసినంత మఱెవ్వరికి తెలియును?

కొండమీది గృహస్థులకు గూడ నొక మాట. 2023 జనవరిలో బంజారా హిల్సులోనే, ఆహారము తెచ్చిన యొక యువకుడు ఆ యింటి కుక్క వెంటబడగా మూడవ అంతస్తునుండి దూకి, తరువాత మరణించెను. ఆ యేడు డిసెంబరులో ముఖ్యమంత్రి నాంపల్లిలో ఈ పనివారితో సమావేశమై, 5 లక్షల రూపాయల ప్రమాదభీమా ప్రకటించెను. చావునకు భీమా వచ్చినది. ఆకలికి ఇంకను రాలేదు. ప్రతి గృహసంఘమును పండుగ దినములలో వందలకొలది పార్సిళ్లు తీసికొనును. కొన్ని మేడలలో లిఫ్టు వాడరాదని వీరికి పలకలు కట్టుదురు. ఆ పలక తీసివేయుటకు శాసన మక్కఱలేదు. ద్వారముకడ కూర్చుండుట కొక బల్ల, నీళ్లకుండ, ఫోనుకు కరెంటు. ఇవి పెట్టుటకు మంత్రిమండలి యామోదము గూడ నక్కఱలేదు.

ఇక పఠనమందిరము సంగతి. 1901లో సుల్తాన్ బజారున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము పుట్టినపుడు, తెలుగువానికి పుస్తకము, పత్రిక, కూర్చుండుటకు చోటు గావలెననియే పెద్దలు తలచిరి. నేడు చోటు లేనివాడు ఈ మోతవాడు. కార్తికమునుండి సంక్రాంతివఱకు, అనగా పని లేని ఆ కాలమున, మందిరమును రాత్రి పదింటివఱకు తెఱచియుంచవలెనని నిర్వాహకులను కోరుచున్నాము. ఒక మూల బల్లమీద ఈ-శ్రమ్ నమోదునకు చదువుకొన్న కుఱ్ఱవా డొకడు కూర్చుండవలెను. గోడమీద, నుమాయిష్ మొదలు ఆషాఢపు సంతవఱకు పనుల పట్టిక వ్రేలాడవలెను. దినముల లెక్క వ్రాసికొనుటకు నూఱు చిన్న పుస్తకములను మా పత్రిక అచ్చు వేయించి పంపును. కాగితము మా ముద్రాలయమున మిగిలినదే గనుక వెల యేమియు నక్కఱలేదు. ఇంకను గావలసిన వ్రాయుడు.